బటన్ పుట్టింది, బంధుమిత్రులందరూ రావాలి

ఆ మధ్య ఒక సోమవారం మా ఆఫీసులో ఒక బటన్ పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. బిడ్డ బరువు 340 కిలోబైట్లు. కుదించి తూస్తే అంత ఉండదని తండ్రి వాదన.

చొక్కా బటన్ కాదు. తెర మీద ‘సమర్పించండి’ అని రాసి ఉండే ఆ నీలిరంగు ముక్క. ఇలాంటి బటన్లు, గడులు, జాబితాలు, తేదీ ఎంచుకునే క్యాలెండర్లు ఒక్కసారి తయారుచేసి దాచుకుంటే ప్రతి పేజీకీ మళ్ళీ రాసుకోనక్కర్లేదు. దాన్నే కాంపొనెంట్ లైబ్రరీ అంటారు. ఆలోచన మంచిదే. మా అమ్మ హార్లిక్స్ సీసాలతో ముప్ఫయ్యేళ్ళు ఇదే పని చేసింది. ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో ధనియాలు, అటక మీద దాంట్లో చిల్లర డబ్బులు. వాటికి వెర్షన్ నంబర్లు లేవు, విడుదల సభలు లేవు. ఏ మూత తీసి ఏ సీసాకు పెట్టినా పట్టేది. మా లైబ్రరీకి లేనిది ఆ ఒక్క గుణమే.

లోకంలో బటన్లకు కరువొచ్చి ఈ పనికి పూనుకున్నామా అంటే అదీ కాదు. 2011లోనే ట్విటర్ ఉద్యోగులిద్దరు బూట్‌స్ట్రాప్ అని ఒక లైబ్రరీ చేసి ఊరికే పంచిపెట్టారు. ఆ తర్వాత వచ్చినవాటికి లెక్కే లేదు. అయినా మాకు సొంతం కావాలి. ఎందుకని అడిగితే మా మేనేజర్ గారు యాంట్ డిజైన్ కథ చెబుతారు. అది చైనా కంపెనీ లైబ్రరీ. 2018 డిసెంబరు 25 తెల్లారేసరికి దాన్ని వాడుకుంటున్న సైట్లలో బటన్ల నెత్తిన మంచు పేరుకుని ఉంది. మౌసు దగ్గరికి తీసుకెళ్తే ‘హో హో హో’ అని పలకరింపు. తయారీదారులు సరదాకి ముందుగానే లోపల దాచిపెట్టిన క్రిస్మస్ కానుక అది. “పరాయి బటన్‌ను నమ్మితే ఇంతే” అని ఆయన ముగిస్తారు. మంచు కురిసిన ఆ బటన్ నొక్కితే పనిచేసింది కదండీ అని నేను అనలేదు. జీతాల పెంపు ముందున్న నెల అది.

సరే, పని మొదలైంది. బటన్ మూలలు ఎంత గుండ్రంగా ఉండాలన్న దాని మీద మూడు వారాలు చర్చ జరిగింది. 4 పిక్సెళ్ళని ఒక వర్గం, 6 అని ఇంకో వర్గం. నాలుగైతే కఠినంగా కనిపిస్తుందట, ఆరైతే పసిపిల్లల యాప్‌లా ఉంటుందట. పెద్దమనుషులు కూర్చుని 5కి రాజీ కుదిర్చారు. మర్నాడు ఒక అమ్మాయి చెయ్యెత్తి, కొలతలన్నీ నాలుగు గుణిజాల్లోనే ఉండాలని మొదటి వారం మనమే తీర్మానించుకున్నాం కదా అని గుర్తుచేసింది. ఆ అమ్మాయిని తర్వాతి సమావేశాలకు పిలవలేదు.

ఆ పైన నామకరణం. అందరూ కోడు పంచుకునే ఎన్‌పీఎమ్ అనే ఉమ్మడి గోదాములో పెట్టాలంటే ఇంకెవరూ పెట్టుకోని పేరు కావాలి. ఏ దేవుడి పేరు వెతికినా ఎవరో ముందే తీసుకుని ఉన్నారు. పంచభూతాలు అయిపోయాయి, నదులు అయిపోయాయి, ఒక పూటంతా రాగాల మీద పడ్డారు. అదృష్టం కొద్దీ అక్కడ ఇంటిపేరు తగిలించుకునే సదుపాయం ఉంది. కంపెనీ పేరును ఇంటిపేరుగా పెట్టి, బిడ్డకు ‘యూఐ’ అని, అంటే తెర మీద కనిపించే భాగమని, పేరు పెట్టారు. ఆరుగురు నాలుగు రోజులు ఆలోచించి కనిపెట్టిన పేరు.

ముహూర్తం పదకొండూ ఇరవై. బటన్ ఆకారంలో నీలం కేకు తెచ్చారు. పెద్ద తెర మీద పబ్లిష్ ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ కొట్టగానే చప్పట్లు. 1.0.0 లోకానికి విడుదలైంది. పదకొండూ నలభైకి బెంగళూరు శాఖ నుంచి ఒకరు ఫోను చేసి, “డబ్బా వచ్చిందండీ, లోపల ఏమీ లేదు” అన్నారు. నిజమే. తయారైన కోడంతా ఉండే ఫోల్డరు పేరు, కోడు మార్పుల చిట్టా రాసే గిట్ అనే సాఫ్ట్‌వేర్ పట్టించుకోనక్కర్లేని వాటి జాబితాలో ఉంది. వేరే చెప్పకపోతే ఎన్‌పీఎమ్ కూడా ఆ జాబితానే పాటిస్తుంది. పరిచయపత్రం వెళ్ళింది, లైసెన్సు వెళ్ళింది, బటన్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. విస్తరి వేసి, నీళ్ళు చల్లి, వడ్డన మరిచిన పెళ్ళిభోజనం. పోనీ, దాన్ని తీసేసి అదే నంబరుతో మళ్ళీ పెడదామా అంటే ఎన్‌పీఎమ్ ఒప్పుకోదు. వెనక్కి తీసుకున్నా సరే, ఒకసారి వాడిన వెర్షన్ నంబరు మళ్ళీ వాడటానికి లేదు. మా 1.0.0 చరిత్రలో శాశ్వతంగా ఖాళీ డబ్బాగానే మిగిలిపోతుంది. సాయంత్రానికి 1.0.7 అయింది. కేకు మాత్రం మొదటి వెర్షన్‌లోనే అయిపోయింది.

వారం తిరిగేసరికి డౌన్‌లోడ్ల సంఖ్య చూసి అందరూ మురిసిపోయారు. కొత్తగా ఏది పెట్టినా ఎత్తుకుపోయి నకళ్ళు తీసుకునే రోబోలు కొన్ని, గంటకోసారి తనది తానే దించుకునే మా సొంత సర్వరు ఒకటి. వెరసి మా అభిమాన సందోహం.

తెలుగు సంగతి చెప్పుకోవాలి. మా బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు కొలత తీసి కుట్టిన చొక్కా. పైన గుడి, కింద ఒత్తు ఉన్న మన అక్షరం అందులో ఇమడదు. ‘స్త్రీ’ అని రాస్తే కింది ఒత్తులు రెండూ తెగిపోతాయి. ‘కృష్ణా జిల్లా’లో ఒత్తులు ఎగిరిపోయి ‘కృషా జిలా’ అవుతుంది. పేరులో మొదటి అక్షరాన్ని గుండ్రటి బిళ్ళలో చూపించే భాగం ఇంకొకటుంది. దాని దృష్టిలో శ్రీనివాస్, శ్రీదేవి, శంకరం అందరూ ‘శ’లే. రకారం, దీర్ఘం వేరే సంకేతాలని, మొదటి ముక్క కోసి తీసుకుంటే అక్షరం విరిగిపోతుందని చెబితే డిజైనరు చాలాసేపు ఆలోచించి, “తెలుగును కొంచెం చిన్న సైజులో రాయలేమా?” అన్నాడు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక రూపంలో ఎదురుపడగానే ఐఫోన్లు కుప్పకూలాయి, గుర్తుందా? మన లిపికి ఆ మాత్రం కోపం రావడం న్యాయమే అనిపించింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు.

మా పెదనాన్నగారి అబ్బాయికి పుట్టుకతో చూపు లేదు. బ్యాంకు ఉద్యోగి. తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తాడు, నాకంటే వేగంగా. కిందటి నెల కరెంటు బిల్లు కట్టబోయాడు. ఆ సైటు కట్టినవాళ్ళు మా లైబ్రరీ వాడారు. ట్యాబ్ కొట్టాడు, సర్వీసు నంబరు. ట్యాబ్ కొట్టాడు, మొత్తం. మళ్ళీ కొట్టాడు, పేజీ అడుగున ‘నిబంధనలు, షరతులు’. మధ్యలో ఉండాల్సిన బటన్ లేదు. ఒక్కొక్క వరుసా చదివించుకుంటూ పోతే ‘చెల్లించండి’ అన్న మాట ఒంటరిగా వినిపించింది. అది బటనో, సలహానో, శీర్షికో చెప్పే నాథుడు లేడు.

“ఒరేయ్, మీవాళ్ళు అక్కడ స్విచ్చి పెట్టారా, గోడ మీద స్విచ్చి బొమ్మ గీశారా?” అని అడిగాడు.

బొమ్మే గీశాం. 1997 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే బటన్ అని ఒక మూలకం ఉంది. ట్యాబ్ కొడితే దాని మీద ఆగుతుంది. ఎంటర్ కొట్టినా స్పేస్ కొట్టినా పలుకుతుంది. చదివే సాఫ్ట్‌వేర్‌కు తానొక బటన్‌నని తనే చెప్పుకుంటుంది. ఇవన్నీ ఉచితం, మనం ఒక్క వరుస రాయనక్కర్లేదు. దాని అంచులు మాకు నచ్చలేదు. అందుకని తీసి అవతల పారేసి, డివ్ అనే ఉత్త పెట్టెకు నీలం రంగు పూసి, మూలలు నున్నగా చేసి, దానికి బటన్ అని పేరు పెట్టాం. మూలల కోసం మూడు వారాలు! కీబోర్డు కోసం మూడు నిమిషాలు లేవు! పైగా ఇది లైబ్రరీ. ఒక పేజీలో చేసిన తప్పు ఒక పేజీతో పోతుంది, ఇది దీన్ని నమ్మి వాడుకున్న ప్రతి సైటుకూ అంటుకుంటుంది. మేమొక్కరమే ఘనులం కాదు లెండి. 2024లో వెబ్‌ఎయిమ్ సంస్థ పది లక్షల సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తే, 95.9 శాతంలో వికలాంగులకు అడ్డుపడే, యంత్రం కూడా పట్టేయగల తప్పులు దొరికాయి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. మా ఆఫీసులో ఆ రోజు చర్చ నీలం ఎంత నీలంగా ఉండాలని.

లక్షల రూపాయల అప్పుల ఖాతాలు చూసే మనిషి, తన ఇంటి బిల్లు కట్టుకోవడానికి ఐదో తరగతి చదివే కూతుర్ని పిలిచి, “ఇక్కడ నొక్కమ్మా” అన్నాడు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు.

నేను ఫిర్యాదు నమోదు చేశాను. ‘ప్రాధాన్యం: తక్కువ’ అని ముద్ర పడింది. నిన్న 2.0.0 వచ్చింది, మళ్ళీ కేకుతో. ఈసారి ప్రత్యేక ఆకర్షణ డార్క్ మోడ్. అన్నయ్యకు ఫోను చేసి చెప్పాను.

“అది నాకెందుకురా, పుట్టినప్పుడే వేసి పంపారు కదా” అని నవ్వాడు. “బిల్లుకు ఇవాళే ఆఖరి తారీఖు. పాప ట్యూషన్ నుంచి ఆరింటికి వస్తుంది, అప్పుడు చూస్తాలే” అన్నాడు.