డ్రోన్ల గుంపుకి కెమెరా ఎందుకో ముందు చెప్పండి

ఒక్క డ్రోన్‌ని నగరం మీదికి పంపితే అది ఒక వీధి చూసి ఇంకో వీధికి వెళ్లేసరికి మొదటి చోట పొగ గాలికి ఎటో కొట్టుకుపోతుంది, వాన నీళ్లు నాలుగు మలుపులు దాటేస్తాయి. అదే ముప్ఫై డ్రోన్లు ఒకేసారి లేచాయంటే ఆ నిమిషంలో ఎక్కడ గాలి పాడైందో, ఎక్కడ నీరు నిలిచిందో మొత్తం పటం చేతికొస్తుంది. స్మార్ట్ సిటీలకి ఇది నిజంగా పనికొచ్చే సాయం, అందులో మాకు అనుమానం లేదు.

వీటిని ఒక్కొక్కటిగా ఎవరూ నడపక్కర్లేదు. పక్షుల గుంపుని కంప్యూటర్ తెర మీద ఎగరేయడానికి 1986లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు మూడే సూత్రాలు వాడాడు: పక్కదాన్ని గుద్దుకోకూడదు, పక్కవి పోయే దిక్కుకే పోవాలి, గుంపుని వదలకూడదు. డ్రోన్ల గుంపులకీ ఆ ఆలోచనే బాగా పనికొచ్చింది. మామూలు చిన్న డ్రోన్ బ్యాటరీ అరగంట రావడమే గొప్ప, అయినా ఒకటి దిగిపోతే మిగిలినవి దాని చోటు పంచుకునేలా చేయొచ్చు.

చిక్కులు లేవని కాదు. గాలిని కొలిచే సెన్సర్‌ని డ్రోన్ పొట్ట కింద బిగిస్తే రెక్కలు కిందికి తోసే గాలే దానికి తగులుతుంది, అంటే కొలవాల్సిన పొగని కొలిచేదే చెదరగొడుతుంది. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కాబట్టి డ్రోన్ తానెక్కడుందో తప్పు చెప్పొచ్చు. ఇవన్నీ ఇంజినీర్లు చూసుకుంటారు, చూసుకోగలరు కూడా.

మా భయం వేరే. నీళ్లు నిలిచిన వీధిని చూసే కెమెరాకే పక్క డాబా మీద ఆరేసిన బట్టలూ, కుర్చీలో కునుకు తీస్తున్న పెద్దాయనా కనిపిస్తారు. ఒక్క డ్రోనైతే దాటిపోతుంది, గుంపైతే ఒకటి వదిలిన చోట ఇంకోటి అందుకుంటుంది, మనిషి వెంట ఊరంతా తిరగగలదు.

పారిస్‌లో ఇది కోర్టుదాకా వెళ్లింది. లాక్‌డౌన్ అమలుకని పోలీసులు డ్రోన్లు ఎగరేస్తే, మనుషుల్ని గుర్తుపట్టే వీలుందని, దానికి తగిన నిబంధనలు లేవని ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2020 మే 18న ఆపమంది. ముఖాల్ని మసక చేసే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం అని పోలీసులు చెప్పినా డిసెంబరులో మళ్లీ కుదరదంది, ఎందుకంటే మసక చేసేలోపే అసలు బొమ్మ వాళ్ల సర్వర్‌కి చేరిపోతోంది.

మసక చేయడం డ్రోన్‌లోనే జరగాలి, అసలు బొమ్మ నేల మీదికి రానేకూడదు అని మేము గట్టిగా అంటున్నది ఇందుకే. ఆ మాటకొస్తే చాలా పనులకి బొమ్మే అక్కర్లేదు. నీటిమట్టం రాడార్ చెబుతుంది, గాలి సంగతి గ్యాస్ సెన్సర్ చెబుతుంది, కిందికి రావాల్సింది ఒక అంకె. ఏ నగరమైనా గుంపుని కొనే ముందు కెమెరా ఏ పనికి కావాలో, ఆ బొమ్మలు ఎన్ని రోజులు ఉంచుతారో, ఎవరు చూస్తారో టెండరు కాగితంలోనే రాసి జనం ముందు పెట్టాలి. ఆ జవాబు రాయలేని చోట కెమెరా తీసేసి ఎగరేయండి.