సవరణ: 'పుష్ప' నేపథ్య సంగీతం మీద రాసినదానికి

ఎర్రచందనం స్మగ్లర్ హీరోగా వచ్చిన 'పుష్ప'లో నేపథ్య సంగీతం మన మనసుని అతని వైపు ఎలా లాగుతుందో మొన్న రాశాను. అందులో జాతీయ అవార్డు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశాను, వివరం ఇదీ: 69వ అవార్డుల్లో దేవిశ్రీ ప్రసాద్‌కి వచ్చింది పాటలకు, నేపథ్య సంగీతానికి వచ్చింది 'ఆర్‌ఆర్‌ఆర్'కి గాను కీరవాణిగారికి.

ఇంకొకటి. తిరుపతి జనం స్మగ్లర్లకి ఈలలేస్తున్నారని నేనన్నట్టు కొందరు చదివారు. అది కాదు. శేషాచలంలో ఎర్రచందనం దుంగలు మోసేదెవరో, దొరికితే జైలుకెళ్లేదెవరో ఇక్కడ అందరికీ తెలుసు, అయినా హాల్లో కూర్చున్నాక మనసు హీరో వైపే ఎందుకు లాగుతుందన్నదే నా ప్రశ్న. ఇలాంటి సినిమాల్లో హీరో కొడితే డ్రమ్స్ మోగుతాయి, ఎముక విరిగిన చప్పుడు అందులో కలిసిపోతుంది, పడ్డవాడి మూలుగు మన చెవిదాకా రానే రాదు. ఆ వెంటనే తల్లి ముఖం చూపించి వయొలిన్ అందుకుంటే ఇందాకటి దెబ్బ మర్చిపోయి అతని కోసం మన గొంతు పూడుకుపోతుంది. ఏదైనా ఫైట్ సౌండ్ తీసేసి చూడండి, కర్ర పట్టుకున్న మనిషి, కింద పడ్డ మనిషి, అంతే.

సంగీత దర్శకుల్ని తప్పుపట్టడం లేదు. ఏ దెబ్బకి వాయించాలో, దేన్ని నిశ్శబ్దంగా వదిలేయాలో దర్శకుడితో కలిసి తీసుకునే నిర్ణయం అది, దాని గురించి మాట్లాడుకుందామంటున్నా.