గచ్చు గురించి టెన్షన్ సరే, నెత్తి మీది రేకు సంగతేంటి?

కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో పాత ఇల్లు బాగు చేయిద్దామని మేస్త్రిని పిలిస్తే, ఈమధ్య కొత్త అనుమానం ఒకటి ఎదురవుతోంది. "గచ్చు అప్పుడే పగలగొట్టించకండి నాన్నా, ఆస్బెస్టాస్ ఉందేమో టెస్ట్ చేయించండి" అని అమెరికా నుంచి కొడుకో కూతురో ఫోన్ చేస్తారు. ఆస్బెస్టాస్ అంటే రాతి నుంచి తీసే పీచు, పీలిస్తే కేన్సర్ తెస్తుంది. వాళ్ల భయం ఉత్తిది కాదు. అక్కడ 1980కి ముందు కట్టిన ఇళ్లలో తొమ్మిదంగుళాల వినైల్ పలకల్లోనూ, వాటి కింది నల్లటి జిగురులోనూ ఆస్బెస్టాస్ దొరకడం మామూలే. కాకపోతే మన నేలల కథ వేరు.

గోదావరి డెల్టాలో పాత ఇంటి నేల అంటే సున్నపు గచ్చు, నాపరాళ్లు, బేతంచర్ల రాళ్లు, ఎర్ర ఆక్సైడ్ వేసిన సిమెంటు, కాస్త ఉన్నవాళ్లయితే మొజాయిక్. అనుమానించాల్సింది జిగురుతో అంటించిన పాత ప్లాస్టిక్ పలకల్ని. పీవీసీ ఆస్బెస్టాస్ పలకలకు మన దేశంలోనూ ఒక ప్రమాణం రాసుకున్నారు కాబట్టి, పాత ఆఫీసు గదిలోనో క్వార్టర్లోనో అవి తగలొచ్చు. కంటితో చూసి ఎవరూ తేల్చలేరు, ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. గట్టిగా ఉన్న పలకల్ని కదపకుండా వాటి మీదే కొత్త ఫ్లోరింగ్ వేసుకోవడం అందరూ ఒప్పుకున్న పద్ధతి. మనకది కలిసొచ్చేదే. సీసీ రోడ్డు వేసినప్పుడల్లా వీధి లేస్తుంది, ఇల్లు పల్లమవుతుంది, వాన నీళ్లు గుమ్మం దాటతాయి. ఇక్కడ చాలామంది నేల పని పెట్టుకునేది మెరక కోసమే. (గుమ్మం పొట్టిదైపోయి పొడుగు అల్లుడు తల వంచుకుని రావాల్సొస్తే అది వేరే సంగతి.)

నేల పనిలో నిజంగా భయపడాల్సింది కటింగ్ మిషన్ లేపే దుమ్ముకి. గ్రానైటు, టైల్స్ పొడిగా కోస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. కోసేచోట నీళ్లు పోస్తుంటే చాలా వరకు అణుగుతుంది.

ఆస్బెస్టాస్ ఉన్నది నెత్తి మీద. వంట వసారా, పశువుల పాక, కోళ్ల షెడ్డు, చేపల చెరువు గట్టున మేత గది, అన్నిటి మీదా సిమెంటు రేకే. పాత రేకుల్లో సుమారు పదో వంతు తెల్ల ఆస్బెస్టాస్ పీచు, మిగతాది సిమెంటు. రేకుని తిట్టడం తేలిక. కానీ తాటాకిళ్లు వేసవిలో అంటుకుంటే వీధి వీధంతా బూడిదయ్యేది. ఇనప రేకు ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతుంది. సిమెంటు రేకు కాలదు, తుప్పు పట్టదు, ఏటా నేయించక్కర్లేదు. పేదవాడికి అది ఒక మెట్టు పైకెక్కడమే.

దెబ్బకు ఆగదు, అదే చిక్కు. పక్కన కొబ్బరి చెట్టు ఉంటే కాయ పడి బీటలిస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపానుకి కప్పులు ఎగిరిపోయిన సంగతి ఇక్కడ పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. ఎండలు ముదరకముందు ఇంకో తంతు: నాచు పట్టిన రేకును ఇనప బ్రష్షుతో గీకి సున్నం కొట్టడం. సున్నం వేడి తగ్గిస్తుంది, కొట్టుకోవచ్చు. గీకుడే వద్దు. ఏళ్ల వానలకు పైపొర సిమెంటు అరిగిపోయి పీచు తేలి ఉంటుంది.

గట్టి రేకు కింద కాపురం ఉన్నంత మాత్రాన కొంప మునగదు. కోసినా, తొలిచినా, పగలగొట్టినా లేచే పీచుతోనే ముప్పు. ఊపిరితిత్తుల్లో చేరాక 20 నుంచి 40 ఏళ్లకు కేన్సరై బయటపడుతుంది. అన్ని రకాల ఆస్బెస్టాసూ కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. యూరోపియన్ యూనియన్ 2005లో మానేసింది, అమెరికా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌ని నిషేధించింది. మనం గనుల లీజులు ఆపి, రష్యా నుంచి తెప్పించుకుంటున్నాం. ఇక్కడ తవ్వితే ప్రమాదం, కొనుక్కొస్తే కాదన్నట్టు! ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు దశాబ్దాల పాటు దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఫ్యాక్టరీ కార్మికుడి కోసం. మన ఊళ్లో రేకు విప్పే కూలీకి రికార్డెక్కడిది?

పాత షెడ్డు విప్పి డాబా వేసేటప్పుడు చూడండి. రేకును పట్టి ఉంచే జె బోల్టులు (కొక్కెం లాంటి మేకులు) తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. రేకుకింత అని బేరం కుదిరితే కూలీ సమ్మెట తీస్తాడు, రేకు ముక్కలై కింద పడుతుంది. రోజుకింత కూలి అని మాట్లాడితే మాత్రం రేకు తడిపి, బోల్టు రంపంతో కోసి, ముక్క కానివ్వకుండా దించే తీరిక ఉంటుంది. తుండుగుడ్డ ఈ పీచును ఆపదు, ఎన్95 మాస్కూ చాలదు, అంతకన్నా సన్నటి వడపోత ఉండే పీ100 ఫిల్టరున్న మాస్కు కావాలి. ఖర్చు ఇంటి యజమానిదే.

దించిన రేకు ఎక్కడికి పోతుంది? పల్లపు స్థలమున్నవాడికి రాళ్లూ రప్పా బంగారం. ముక్కలు ట్రాక్టరెక్కి ఎవరి దొడ్లోనో మెరకవుతాయి, ఆ మీద చక్రాలు తొక్కి పొడి చేస్తాయి. పంచాయతీ ట్రాక్టరు తడి చెత్త, పొడి చెత్త అడుగుతుంది గాని రేకు ముక్కల్ని అడగదు. మండలానికొక చోటు చూపించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి తెచ్చిన రేకుల్ని అక్కడ తీసుకోవాలి. ఆ తర్వాత ప్రభుత్వ పథకం కింద ఇల్లు కట్టుకునేవాళ్లకు మొదటి బిల్లు ఇచ్చేటప్పుడే, పాత రేకులు అక్కడ అప్పజెప్పిన రసీదు అడగొచ్చు.