లారీ డ్రైవర్ గంటలకు లెక్క ఎక్కడ?

2024 జనవరి 2న హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనానికి ట్యాంకర్ డ్రైవర్లు ఒక్కసారిగా గుర్తొచ్చారు. ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలు అంటున్న భారతీయ న్యాయ సంహిత 106(2)కు వ్యతిరేకంగా వాళ్లు బండ్లు ఆపేశారు. జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు కేంద్రం ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. దాంతో చర్చ ముగిసింది. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి అంత అలిసిపోయి ఎందుకు నడుపుతున్నాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

దేశంలో కదిలే సరుకులో దాదాపు 70 శాతం రోడ్డు మీదే వెళ్తుంది. దాన్ని మోసేవాళ్లకు గుర్తింపు అంటే శాలువాలు, సన్మానాలు చాలవు. వాళ్ల గంటల్ని లెక్కలోకి తీసుకోవాలి.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి హౌరాకు వెళ్లే చేపల లోడునే తీసుకోండి. దూరం 1,100 కిలోమీటర్ల పైమాటే. టోల్‌గేట్లు, ఊళ్లు, డైవర్షన్లు కలుపుకొని సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచినా 27, 28 గంటల ప్రయాణం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, ఐదు గంటలకోసారి కనీసం అరగంట విరామం అని చెప్పింది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ ఆ గంటలనే ప్రమాణంగా తీసుకుంది. ఆ లెక్కన ఒక్క డ్రైవర్ అయితే మూడున్నర రోజులు పడుతుంది. పెట్టెలో ఐసు అన్నాళ్లు ఆగదు. అందుకే ఇద్దరు డ్రైవర్లు తప్పనిసరి. కిరాయి మిగలనప్పుడు యజమాని ముందు తగ్గించేది మాత్రం ఆ రెండో మనిషినే. చాలా బండ్లలో క్లీనర్ ఎప్పుడో పోయాడు.

స్టీరింగ్ పట్టిన గంటలు కనీసం కిలోమీటర్లలోనైనా కనిపిస్తాయి. కనపడనివి గేటు ముందు గంటలు. ఫ్యాక్టరీ బయట వరుసలో నిలబడటం, కాటా, లోడింగ్, బిల్లు, మళ్లీ కాటా. అవతలి ఊళ్లో గోడౌన్ నిండి ఉంటే అన్‌లోడింగ్ కోసం మరో రోజు. ఆ సమయంలో డ్రైవర్ నిద్రపోలేడు. వరుస పది గజాలు జరిగితే బండి జరపాలి, డీజిల్ ట్యాంకునూ సరుకునూ కనిపెట్టుకుని ఉండాలి. బండి ఆగి ఉన్న సమయానికి హాల్టింగ్ చార్జీ అడిగితే రావాల్సిన మిగతా కిరాయి ఆగిపోతుందన్న భయం చిన్న యజమానిది. పోయిన గంటల్ని రాత్రి రోడ్డు మీద రాబట్టుకోవాలి. తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి మరో లారీ గుద్దిన వార్తలు చదువుతుంటాం. వాటిలో కొన్నింటికి మూలం ముందురోజు ఏదో ఒక గేటు దగ్గర ఉంటుంది.

సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ పత్రం, ఈ-వే బిల్లు సంగతీ ఇంతే. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. అన్‌లోడింగ్ గేటు ముందు బండి ఆగినా గడువు ఆగదు. ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఆ పని మరిచిపోతే తనిఖీలో దొరికేది డ్రైవరే.

ఓవర్‌లోడ్‌కు డ్రైవర్ల అత్యాశ కారణమని తేలిగ్గా అనేస్తారు. టన్ను లెక్కన మాట్లాడిన కిరాయి డీజిల్‌కూ టోల్‌కూ చాలనప్పుడు పైన రెండు టన్నులు పడతాయి. 2018లో రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5కి పెంచారు. సరుకు ఇచ్చేవాళ్లు ఆ పెంపును రేటు తగ్గించడానికి వాడుకున్నారు. పట్టుబడితే జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000. బరువు ఎక్కువగా ఉంటే ఘాట్‌లో బ్రేకు డ్రమ్ములు వేడెక్కి వాటిని ఒత్తిపట్టే లైనర్లు పట్టు కోల్పోతాయి. బ్రేకు పదేపదే తొక్కితే దాన్ని పనిచేయించే గాలి పీడనం పడిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు పట్టుబట్టేది అందుకే. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే ఇంజిన్ పట్టు పూర్తిగా పోతుంది.

దీన్ని నైపుణ్యం లేని పని అనుకోవడం నిజంగా బాధాకరం. పొద్దున్నే ఎయిర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలాలి. వెనక జంట టైర్లలో లోపలిది దిగిపోయినా కంటికి కనిపించదు, బరువంతా బయటి దాని మీద పడి అది పేలుతుంది. అందుకే రాడ్డుతో కొట్టి మోతను బట్టి గాలి చూస్తారు. గుంటూరు మిర్చి టిక్కీల (బస్తాల) లోడు మొదటి ముప్ఫై కిలోమీటర్లలో కుదుటపడి తాళ్లు వదులవుతాయి. అక్కడ ఆపి మళ్లీ బిగించకపోతే మలుపులో లోడు ఒరుగుతుంది.

2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేయడం మంచి అడుగు. కానీ గేటు ముందు ఏసీ నడవాలంటే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. ఆ డీజిల్ ఎవరి ఖాతాలో? పాత బండ్లలో ఆ చల్లదనం ఎలాగూ లేదు.

కొత్త చట్టాల కన్నా ముందు చేయదగ్గ పని ఒకటుంది. బండి గేటుకు చేరిన సమయం, లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, ఈ మూడూ ఎల్ఆర్ (లారీ రసీదు) మీద ముద్రతో పడాలి. ఈ-వే బిల్లులోనూ వాటికి గడులు పెట్టాలి. ఉచితంగా ఆగాల్సిన గంటలు ఇన్ని అని ముందే రాసుకుని, అవి దాటిన క్షణం నుంచి హాల్టింగ్ లెక్క మొదలవ్వాలి. అందులో డ్రైవర్ బత్తా విడిగా ఉండాలి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకున్నదీ లేనిదీ బండిలోని పరికరమే నమోదు చేస్తుంది. మన బండ్లకు ఫాస్టాగ్ ఉంది, చాలావాటికి జీపీఎస్ కూడా ఉంది. అవి ఇప్పుడు బండి ఎక్కడుందో యజమానికి చెబుతున్నాయి, అది ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని గంటలు ఆగి ఉందో కూడా చెప్పగలవు. ఓవర్‌లోడ్ కేసు రాసేటప్పుడు లోడింగ్ జరిగిన చోటి కాటా చీటీ జతచేసి, సరుకు ఎక్కించిన వాళ్ల పేరు కూడా అందులో చేర్చాలి. అలాంటి బండిని నడిపినవాళ్లతో పాటు నడిపించినవాళ్లనూ బాధ్యుల్ని చేసే వీలు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో ఇప్పటికే ఉంది.