గుర్రం దిగిన బూటు నేల మీద ఎంత నిలుస్తుంది?

కౌబాయ్ బూటులో ప్రతి భాగమూ జీను మీద కూర్చునే మనిషి కోసం పుట్టిందే. ఎత్తు మడమ ఉన్నది పాదం రికాబులోంచి ముందుకు దూసుకుపోకుండా ఆపడానికి. కోసుగా ఉండే ముందుభాగం రికాబులో సులువుగా దూరడానికి. లేసులు లేకపోవడానికీ కారణం ఉంది: కింద పడ్డ మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంటే బూటు రికాబులోనే చిక్కుకుని కాలు మాత్రం బూటులోంచి జారి బయటికి రావాలి. 1870ల్లో అమెరికాలోని కాన్సాస్, టెక్సాస్ పశువుల దారుల వెంట ఈ రూపం కుదురుకుంది. అలాంటి ఒక దారికి దగ్గర్లోనే, టెక్సాస్‌లోని స్పానిష్ ఫోర్ట్‌లో, హెచ్.జె. జస్టిన్ అనే బూట్ల పనివాడు 1879లో బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆ బూటు వేసుకుని కంచె గుంజలు పాతేవాళ్లు, పైపులు మోసేవాళ్లు గుర్రం ఎక్కరు. రోజంతా నేల మీదే ఉంటారు. అందుకే ‘ఇది ఎంత గట్టిది?’ అని అడిగే ముందు, గుర్రం కోసం పెట్టినవాటిలో మన పనికి ఏది పనికొస్తుంది, ఏది అడ్డం అని తేల్చుకోవాలంటాను. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పిక్కను కప్పే గొట్టం మీద కుట్టుపూలు చూసి మురిసిపోయి, అడుగు తిప్పి చూడనే చూడరు.

మడమ సంగతే తీసుకోండి. లోపలికి వాలిన ఎత్తు మడమతో ఎగుడుదిగుడు నేల మీద నడిస్తే ఒళ్లు బరువంతా ముంగాలి మీద పడుతుంది, చీలమండ బెణుకుతుంది. అంగుళం ఎత్తుతో వెడల్పుగా ఉండే రోపర్ మడమ చాలు. అలాగని మడమే లేకపోయినా చిక్కే. నిచ్చెన మెట్టు మీద పాదం జారకుండా పట్టుకునేది ఆ మడమ అంచే. పొద్దస్తమానం కాంక్రీటు మీద నిలబడేవాళ్లకైతే మడమ లేని చదును సోలే హాయి.

లేసులు లేకపోవడం వల్ల లాభాలున్నాయి. చిక్కుకునేది ఏమీ ఉండదు, లేసు కన్నాల్లో మట్టి పేరుకోదు, తీయడం క్షణంలో పని. కానీ బిగించుకునే వీలు లేదు కాబట్టి బూటును పట్టి ఉంచేది మీగాలు ఒక్కటే. అక్కడ వదులైతే ఎన్ని నెలలు తొడిగినా సర్దుకోదు. కొత్త బూటులో మడమ పావు అంగుళం లేస్తే కంగారు పడక్కర్లేదు, అడుగు వంగడం అలవాటయ్యాక అది తగ్గుతుంది. పాదం వాచి ఉండే సాయంత్రం పూట, పనికి వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. కొండవాలు మీద, అడవిలో పనిచేసేవాళ్లకు మాత్రం నా సలహా ఒక్కటే: ఈ మోజు మానుకుని లేసుల బూటు కొనండి.

ఇక మన్నిక. బూటు చచ్చేది పైన తోలు చినిగి కాదు, అడుగు ఊడి. గుడ్‌ఇయర్ వెల్ట్ పద్ధతిలో పైతోలు, లోపలి అట్ట, చుట్టూ ఒక తోలు పట్టీ కలిపి కుడతారు. బయటి సోల్‌ను మళ్లీ ఆ పట్టీకి వేరే కుట్టు వేస్తారు. సోల్ అరిగితే ఆ రెండో కుట్టు విప్పి కొత్తది వేయొచ్చు, పైభాగం జోలికి పోనక్కర్లేదు. గమ్‌తో అంటించినవి తేలిక, చవక, కానీ వాటికి సాధారణంగా రెండో జన్మ ఉండదు. మోసం ఎక్కడంటే, కొన్ని బూట్లకు పట్టీ, కుట్టు అచ్చంగా వెల్ట్‌లాగే కనిపిస్తాయి, అది వట్టి అలంకారం. అంచు మీద దారం నడుస్తున్నా, లోపలి అట్ట నుంచి సోల్ దాకా ఏదీ కుట్టి ఉండదు. అనుమానంగా ఉంటే ‘దీనికి సోల్ మార్చవచ్చా?’ అని అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే జవాబు దొరికినట్టే.

సోల్ దేనితో చేశారన్నది కూడా అంతే ముఖ్యం. ఓసారి మంచి జత కదా అని అట్టపెట్టెలో మూడేళ్లు దాచుకున్నాను. తొడిగిన రోజే, పని మధ్యలో, సోల్ తడిసిన బిస్కెట్‌లా ముక్కలై రాలింది. పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ గుణం అది. గాలిలోని తేమే దాన్ని లోలోపల విరగ్గొడుతుంది, వాడకపోయినా ఆగదు. తగ్గింపులో వచ్చే పాత సరుకు కొనేటప్పుడు తయారైన నెల చూడాలి. రబ్బరు బరువే, అయినా ఈ జబ్బు దానికి రాదు.

తోలు గురించి ఒక్క మాట: ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్ర అది తోలేనని చెబుతుంది, మంచి తోలని కాదు. ఫుల్ గ్రెయిన్, అంటే పైపొర చెక్కేయకుండా ఉంచిన తోలు, అని ఉందా చూడండి.

బరువులు పడే చోట ముందుభాగంలో స్టీల్ గానీ, లోహం కాని గట్టి కాంపోజిట్ గానీ తొడుగు ఉండాలి. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2413 లేబుల్ మీద ‘ఐ’, ‘సి’ అని (పాతవాటి మీద ‘ఐ/75’, ‘సి/75’ అని) ఉంటే 75 ఫుట్-పౌండ్ల దెబ్బను, 2,500 పౌండ్ల ఒత్తిడిని తట్టుకుందని లెక్క. ‘ఈహెచ్’ అన్నది కరెంటు ప్రమాదానికి సంబంధించిన గుర్తు, 18,000 వోల్టుల పరీక్ష నెగ్గిందని అర్థం, అదీ పొడిగా ఉన్నప్పుడే. తడిసిన బూటుతో ఆ ధీమా పెట్టుకోవద్దు. ఈ తొడుగు సాగదు కాబట్టి వేళ్ల దగ్గర మొదటి రోజు ఒరిస్తే ఆ సైజు మీది కాదు.

పశువుల పేడ, మూత్రం, తడి సిమెంటు తోలుకే కాదు, కుట్టు దారానికీ శత్రువులే. ఏ పూటకాపూట కడిగి నీడలో ఆరబెట్టాలి, పొయ్యి దగ్గర పెడితే తోలు పెళుసెక్కుతుంది. చెమట తడి ఒక్క రాత్రిలో ఆరదు కాబట్టి రెండు జతలు మార్చి మార్చి తొడగడం మంచిది. వెల్ట్ బూటుకు సోల్ మార్పించే వేళ కూడా కనిపెట్టి ఉండాలి. అరుగుదల పట్టీని తాకకముందే తీసుకెళ్లాలి, పట్టీ కూడా అరిగిపోయాక ఇస్తే కొత్త కుట్టు వేయడానికి అక్కడ తోలు మిగలదు.