కోటీశ్వరులైన కాణీ గారికి

మహారాజశ్రీ ఈస్టిండియా కంపెనీ వారి 1835 నాటి రాగి కాణీ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు లక్షలు పలుకుతున్నారని వాట్సాప్‌లో చూశాను. ఆ రోజుల్లో రూపాయికి 64 మంది వచ్చేవారు, ఇప్పుడు ఒక్కరొస్తే చాలు డూప్లెక్స్ ఇల్లు లేచిపోతుందట. సంతోషం. కాకపోతే కలకత్తా, మద్రాసు, బొంబాయి టంకశాలల్లో మిమ్మల్ని గుట్టలుగా కొట్టారు, పైగా అదే 1835 వేసుకుని ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొడుతూనే ఉన్నారు, అందుకే అరిగిపోయిన తమరికి నాణేల సంతలో వందో రెండొందలో దాటి ఇచ్చే నాథుడు లేడు.

ఇక కండిషన్. అమ్మే ప్రతి ఒక్కరూ రాసేది ‘సూపర్ కండిషన్’ అనే. భూతద్దం పెట్టి చూస్తే రెండు సింహాల్లో ఒకదానికి మొహం లేదు, రెండోదానికి జూలు లేదు, వెనక దండలో ఆకులన్నీ కలిసిపోయి వడియంలా ఉన్నాయి, 1835లో ఆ చివరి 5ని మాత్రం నమ్మకం మీద చదువుకోవాలి. ఇది చాలదన్నట్టు ఫొటోకి ముందు చింతపండుతో తలంటు! ఇన్నేళ్లుగా పట్టిన ఆ చాక్లెట్ రంగు ఐదు నిమిషాల్లో వదిలిపోతుంది, తమరు గులాబీ రంగులో, పీచు గీతలతో సహా మెరిసిపోతారు. తెలిసినవాడు చూడగానే ధర సగానికి దించుతాడు. అమ్మేవాడికి మాత్రం అది ‘కొత్త నాణెం’.

అమెరికాలో పాత రాగి సెంట్ల కోసం విలియం షెల్డన్ అనే ఆయన 1949లో 1 నుంచి 70 దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. (ఆయనే న్యూయార్క్‌లోని నాణేల సొసైటీ సేకరణలో మంచి సెంట్లు కాజేసి వాటి చోట నాసివి పెట్టాడని తర్వాత బయటపడింది. ఏది మంచిదో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది లెండి.) మన దగ్గర అంత గొడవ లేదు, అందరికీ 70కి 70.

మీ చుట్టాల సంగతి మరీ అన్యాయం. 1818 అని వేసి, హనుమంతుడి బొమ్మతో కంపెనీ అర్ధణా అంటూ ఒకాయన తిరుగుతున్నాడు. కంపెనీ అలాంటిది ఎప్పుడూ వేయలేదు. ఇంకొకాయన బియ్యపు గింజల్ని లాగుతాడట, నాసా వాళ్లు కోట్లిచ్చి కొంటారట. రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని కేసులు నమోదయ్యాయో పోలీసుల్ని అడగండి. పాత నాణేల లావాదేవీలకు కమీషన్లు మేం అడగం, మా పేరుతో వసూలు చేయమని ఎవరికీ చెప్పలేదు అని రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. అయినా ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు.

ఇట్లు,
తమరిలాంటి వాళ్లను డబ్బా నిండా పెట్టుకుని కూడా ఈఎంఐలు కట్టుకుంటున్న ఒక నాణేల పిచ్చోడు