‘మార్చి చూద్దాం’ గారికి పాత కారు యజమాని రాయునది

మహారాజరాజశ్రీ ‘మార్చి చూద్దాం’ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది కానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా కారు బాగాలేదు, జేబు అంతకన్నా బాగాలేదు.

మీరు ఫలానా మనిషి అని వేలు పెట్టి చూపించే వీలు లేదు. ఒకసారి మెకానిక్ నోట్లో ఉంటారు, ఇంకోసారి బండి యజమాని నోట్లో ఉంటారు. ఒక్కోసారి బానెట్ ఎత్తగానే ఎక్కణ్ణుంచో వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని తొంగిచూసే పెద్దమనిషి నోట్లోంచి పలుకుతారు. అడ్రస్ లేని వారికి పోస్టు చెయ్యలేను కాబట్టి నలుగురి ముందే రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసిందే. కారుకు వయసు మళ్లింది. రోడ్డు మీద పోతున్నంతసేపూ పేచీ లేదు, ఆగితేనే మొదలవుతుంది. నిమిషానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర నిలబడాల్సింది, 600కి జారి, ఉలిక్కిపడి 1000కి లేచి, మళ్లీ జారుతుంది. స్టీరింగ్ మీద ఉన్న చేతికి వణుకు తెలుస్తుంది. అద్దంలో వెనక బండి అంచులు చెదిరి కనిపిస్తాయి. పైగా పెట్రోలు వాసన. ‘ఇంజిన్ మిస్ కొడుతోంది, వాసన కూడా...’ అని నేను చెప్పడం పూర్తి కాకముందే మీ తీర్పు వచ్చేసింది: ప్లగ్గులు మార్చి చూద్దాం.

చూశాం. సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే ఆ ప్లగ్గులయ్యాక ప్లగ్గు వైర్లు. వైర్లయ్యాక ఎయిర్ ఫిల్టర్. ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్, దాని తర్వాత ఫ్యూయల్ పంపు. పాడైన భాగం ఏదో చెప్పలేకపోయినా, పాడవని భాగాలు ఏవో ఒక్కొక్కటిగా నా డబ్బుతో నిరూపించే మీ శాస్త్రీయ పద్ధతికి జోహార్లు. ఇదే లెక్కన ఇంకొన్నాళ్లు పోతే కారులో మారనిది నంబర్ ప్లేటు ఒక్కటే అవుతుంది. అప్పుడు సమస్య కచ్చితంగా దాని వెనకే దొరుకుతుంది.

ఇంత చేసిన మీరు ఒక్క ప్రశ్న అడగలేదు. వాసన ఎప్పుడు వస్తోంది? ఎక్కడ వస్తోంది? ఈ కేసులో కళ్లారా చూసిన సాక్షి వాసనే. దాని వాంగ్మూలం తీసుకోకుండానే మీరు శిక్షలు వేసుకుంటూ పోయారు.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని, కాసేపటికి మాయమైతే అదొక కథ. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర ఉండే ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు సీళ్లు, ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిపోతాయి. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని సందు వదులుతాయి, వేడెక్కాక వ్యాకోచించి ఆ సందు మూసేస్తాయి. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళ్తే ఏమీ కనపడదు. ‘మీ భ్రమ సార్’ అంటారు. ట్యాంకు నిండా కొట్టించిన రోజే వాసన వస్తుందా? అయితే ఇంజిన్‌తో పనే లేదు. ట్యాంకు మూత రబ్బరో, పెట్రోలు పోసే గొట్టమో, ట్యాంకు పైన పంపును బిగించే చోట ఉండే సీలో చూడాలి. ఆ సీలు ఎత్తులో ఉంటుంది కాబట్టి సగం ట్యాంకుతో ఎన్ని రోజులు తిరిగినా బయటపడదు. ఏసీ ఫ్యాన్ వేసినప్పుడే లోపలికి వస్తోందంటే, ముందు అద్దం కింద ఉన్న గాలి దారి బానెట్ లోపలి ఆవిరిని లాగుతోందని అర్థం. సైలెన్సర్ దగ్గర మాత్రమే వస్తే అసలు లీకే కాకపోవచ్చు, కాలని పెట్రోలు బయటికి పోతుండొచ్చు. ఇవన్నీ తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. మీకు ఆసక్తి లేకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

‘కింద చుక్క పడలేదు కదా, లీకెక్కడిది?’ అని మీరు అన్నారు చూడండి, ఆ మాట ఫ్రేము కట్టించుకోదగ్గది. వేడి ఇంజిన్ మీద పడ్డ పెట్రోలు నేల దాకా వస్తుందా? మధ్యలోనే ఆవిరైపోతుంది. అది వదిలే గుర్తు వేరు. ఏళ్ల దుమ్ము పట్టిన ఇంజిన్ మీద ఒకచోట మాత్రం ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంటుంది, దాని అంచున పలచటి గోధుమరంగు చార ఉంటుంది. టార్చి వేసి ఇంజెక్టర్ల మొదళ్లు ఒక్కసారి చూస్తే చాలు. మీరేమో చూడటానికి ముందే మార్చేస్తారు, అప్పుడు ఆ గుర్తు కూడా తుడుచుకుపోతుంది.

వణుకూ వాసనా జంటగా వచ్చినప్పుడు నేను మొదట అనుమానించేది పెట్రోలు ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్‌ను. కొత్త కార్లలో ఇది ట్యాంకు లోపలే దాక్కుంటుంది కానీ, పాత ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపు చివర, బొటనవేలంత డబ్బీలా కనిపిస్తుంది. లోపల ఒక పలచటి పొర. ఒక పక్క పెట్రోలు ఒత్తిడి, ఇంకో పక్క ఇంజిన్ గాలి పీల్చుకునే మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్నటి రబ్బరు గొట్టం. ఆ పొర చిరిగిందా, ఇంజిన్ ఆ గొట్టంలోంచి పెట్రోలును నేరుగా పీల్చేస్తుంది. ఇంజెక్టర్లు కొలిచి పోస్తుంటే ఇక్కడ కొలతే లేదు. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు గాలి ఎక్కువ కాబట్టి అంతగా తెలియదు. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, గాలి తక్కువ, పీల్చుడు ఎక్కువ. అందుకే అక్కడ ఊపిరాడక కొట్టుకుంటుంది. వేడిగా ఉండగా ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే సతాయిస్తుంది, అందుకున్నాక నల్లటి పొగ వదులుతుంది.

దీనికి పరీక్ష ఏమిటో తెలుసా? ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, ఆ గొట్టాన్ని రెగ్యులేటర్ నుంచి లాగి చూడటం. లోపల పొడిగా ఉండాలి. తడి ఉన్నా, వేలికి పెట్రోలు అంటినా అక్కడితో విచారణ ముగిసింది. ఇది మీ వృత్తికి ఎంత ప్రమాదకరమో నాకు అర్థమవుతూనే ఉంది. పది సామాన్లు అమ్ముడుపోయే చోట ఒక్క గొట్టం లాగి తేల్చేస్తే ఎలా?

ఇంజెక్టర్లకు బదులు కార్బరేటర్ పెట్రోలును గాలిలో కలిపే బండ్లలో ఇదే నాటకం ఫ్లోట్, అంటే పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే తేలుడు బుడ్డి, ఆడుతుంది. ఫ్లోట్‌లోకి పెట్రోలు దిగి మునిగినా, పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వులో నలుసు ఇరుక్కున్నా ఓవర్‌ఫ్లో అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి పైనుంచి చూస్తే, ఐడ్లింగ్‌లో కూడా మెయిన్ జెట్ దారిలోంచి చుక్కలు కారుతుంటాయి. అక్కడ మీరేం చేస్తారో నాకు తెలుసు. స్క్రూ డ్రైవర్ తీసి ట్యూనింగ్ మొదలుపెడతారు.

ఆక్సిజన్ సెన్సర్‌కు మీరు చేసిన అన్యాయం వేరుగా చెప్పుకోవాలి. ఒక సిలిండర్‌లో ప్లగ్గు అంటుకోలేదనుకోండి. పెట్రోలూ గాలీ కాలకుండా అలాగే సైలెన్సర్ దారి పడతాయి. సెన్సర్ లెక్కపెట్టేది ఆక్సిజన్‌ను, పెట్రోలును కాదు. ‘ఇక్కడ ఆక్సిజన్ మిగిలిపోతోంది’ అని ఉన్నదున్నట్టు రిపోర్టు ఇస్తుంది. అంటే పెట్రోలు చాలడం లేదని ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అనుకుని ఇంకాస్త పోయిస్తుంది. వాసన పెరుగుతుంది, వణుకూ తగ్గదు. నిజం చెప్పిన సెన్సర్‌ను మీరు ఉద్యోగంలోంచి తీసేసి, అదే నిజం చెప్పే కొత్తదాన్ని అక్కడ కూర్చోబెట్టారు.

కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టామంటారా? పెట్టారు, పీ0172 అని చదివారు. ఆ కోడ్‌కు అర్థం మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని. సెన్సర్ మార్చమని కాదు. 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అన్న లెక్క తప్పిందని అది ఫిర్యాదు చేస్తోంది. ఎందుకు తప్పిందో కనిపెట్టడం మన పని. అదే స్కానర్‌లో ఇంకో పేజీ తిప్పితే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. చెయ్యి పెడితే కాలేంత వేడి ఇంజిన్‌కు అక్కడ చలికాలపు అంకె ఉంటే, ఆ టెంపరేచర్ సెన్సరో దాని వైరో పోయిందన్నమాట. కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు దండిగా పోస్తోంది. ఆ పేజీ మీరు తిప్పలేదు. కోడ్ వచ్చింది, సామాను పేరు గుర్తొచ్చింది, అక్కడితో చదువు అయిపోయింది.

ఇంతవరకూ డబ్బు గొడవ. డబ్బు పోతే పోయింది. మీ చుట్టాల విషయం వేరు. లీకు ఉన్న బండిలోనే ప్లగ్గు ఊడదీసి, బాడీకి ఆనించి, ‘నిప్పురవ్వ వస్తోందా’ అని సెల్ఫ్ కొట్టించేవాడు ఒకడు. గాలి ఎక్కడ లీకవుతోందో కనిపెడతానని వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ అనే, ఇట్టే అంటుకునే స్ప్రే కొట్టేవాడు ఇంకొకడు. మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ చలిలో కూడా అంటుకోగల ఆవిరిని వదిలే ద్రవం పెట్రోలు. ఆ ఆవిరి గాలికన్నా బరువు. షెడ్డులో నేలబారున పరుచుకుంటుంది, గాలిలో దాదాపు 1.4 శాతం చేరితే అంటుకోవడానికి చాలు. ముందు వెతకాల్సింది, ముందు ఆపాల్సింది ఆ లీకును. పచ్చి పెట్రోలు కంటికి కనిపిస్తుంటే ఆ బండిని స్టార్ట్ చెయ్యకూడదు, నడిపించుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లకూడదు.

అద్దానికి వేలాడదీసే మీ మరదలు సెంటు డబ్బా గురించి కూడా చెప్పాలి. లీకును ఆపదు కానీ వాసనను నిమ్మపండు వాసనతో కలిపి ఒక కొత్త రకం తలనొప్పిని తయారుచేస్తుంది. ‘ఇప్పుడు రావట్లేదు కదా’ అనడానికి మీకు అదే ఆధారం. కాసేపు కూర్చుంటే ముక్కు ఏ వాసనకైనా అలవాటుపడుతుంది. వాసన పోయిందో లేదో చెప్పాల్సింది అప్పుడే బయటి నుంచి వచ్చి తలుపు తీసిన వాళ్లు.

మీతో నాకు అన్నింట్లోనూ పేచీ లేదు. పాత రబ్బరు పెట్రోలు పైపుల విషయంలో మీ మాటే నా మాట. వంచితే పగుళ్లు కనిపించే పైపును పరీక్షలు చేస్తూ కూర్చోనక్కర్లేదు, మార్చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే రకం వెయ్యండి. కార్బరేటర్ బండి పైపు తెచ్చి ఇంజెక్షన్ బండికి తగిలించకండి, అక్కడి ఒత్తిడి చాలా రెట్లు ఎక్కువ. ఇంకొకటి, ఇన్నాళ్లూ కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగింది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు కొడుతూ, మట్టం పోసినదానికన్నా పెరిగి ఉంటే ఆ ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడలేదు. రిపేరు అయ్యాక దాన్ని మార్చి తీరాలి. ఇంత పెద్ద బిల్లులో మీరు మార్చడం మరిచిపోయింది అదొక్కటే.

ఇట్లు,
రెగ్యులేటర్ గొట్టం లాగి చూసిన ఒక పాత కారు యజమాని

తా.క.: మీ తమ్ముడు ‘రౌండ్ చేసెయ్’ గారికి కూడా ఇదే ఉత్తరం చూపించగలరు. ట్యాంకు నిండి గన్ను టక్కున ఆగాక కూడా, అంకె గుండ్రంగా రావాలని ఇంకా నొక్కి పోయించేది ఆయనే కదా. ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. అది ఆవిరి కోసమే, పెట్రోలు కోసం కాదు. గొంతు దాకా పోస్తే పెట్రోలే అందులోకి చేరి బొగ్గు తడిసి ముద్దవుతుంది. ఆ తర్వాత ట్యాంకు నింపినప్పుడల్లా వాసన, స్టార్టింగ్‌కు ఇబ్బంది, ఐడ్లింగ్‌లో వణుకు. అప్పుడాయన మిమ్మల్ని పిలుస్తాడు, మీరొచ్చి ప్లగ్గులు మారుస్తారు. అన్నదమ్ముల వ్యాపారం బాగుంది.